పెద్ద ఫైలు – వింత యంత్రము



కచేరీలో బీరువానంతను ఒక్కమారు బల్లపై కుమ్మరించి చదువువారుండరు. కట్ట విప్పి కాగితము వెంట కాగితము చూతురు. ప్రోగ్రామరులకును ఇదే నీతి. పెద్ద ఫైలును మెమరీలో పట్టినంత భాగముగా చదువవలెను. స్థానమును 32 బిట్ల సంఖ్యతో లెక్కించిన పాత ప్రోగ్రాములనేకము 2 జీబీ వద్దనే తడబడెడివి.

ప్రాసెసర్లలో వింతవియు కలవు. సాధారణ యంత్రము అవును, కాదు అని మాత్రమే అనును. 1958లో మాస్కో విశ్వవిద్యాలయమున నిర్మితమైన సెతూన్ మూడు విలువలతో లెక్కించెను. మూడవది మన 'పరిశీలనలో నున్నది' కాబోలు!

సంఖ్యలోని బైట్లను కొన్ని యంత్రములు పెద్దకొన నుండియు, కొన్ని చిన్నకొన నుండియు దాచును. ఈ తగవునకు 1980లో డానీ కోహెన్ గలివర్ కథలోని కోడిగుడ్డు తగవు పేరు పెట్టెను. నవ్వుకొందము, కాని కొన తెలియక చదివినచో ఒక వృద్ధుని పింఛను అంకెయే మారిపోవును. కావున చదువుటకు ముందు, వ్రాసిన యంత్రపు అలవాటు తెలిసికొనుట మన విధి.