రుచి చూస్తే కొనాలా?



ఈ పూట సంగతి చిన్నదే. కొట్లో ఊరికే పెట్టే ముక్క గురించి. మిఠాయి కొట్లో వేలెడు ముక్క పెడతారు. మామిడిపండ్ల బుట్ట దగ్గర ఒక చెక్క కోసి ఇస్తారు. ఇప్పుడు పట్నాల్లో పెద్ద పెద్ద సూపర్ మార్కెట్లు వచ్చాయి. అక్కడ ఒక అమ్మాయి చిన్న బల్ల పెట్టుకుని నిలబడుతుంది. చిన్న కాగితం గ్లాసులో ఏదో పోసి "రుచి చూడండి" అంటుంది.

తీసుకోవాలా, వద్దా? తీసుకుంటే కొనాలా? కొనకపోతే ఏమనుకుంటారో! చాలామందికి ఇదే సంకటం.

ఒక అత్తా కోడలూ అనుకోండి. నెల సరుకులకని బస్సెక్కి పట్నం వెళ్ళారు. కోడలు రవిక ముడిలో లెక్కపెట్టిన డబ్బు ఉంది. కందిపప్పు, సబ్బులు, నూనె, పిల్లాడికి నోటు పుస్తకాలు. తిరుగు బస్సు చార్జీ వేరే కట్టి పెట్టుకుంది. కొట్లోకి అడుగు పెట్టగానే టోపీ పెట్టుకున్న అమ్మాయి ఎదురొచ్చింది. "అక్కా, బాదంపాలు. తాగి చూడండి, డబ్బులేం వద్దు" అంది. కోడలు తాగింది. బాగుంది. "తీసుకోండి అక్కా" అంటూ ఆ అమ్మాయి పొడి డబ్బా ఒకటి బుట్టలో పెట్టింది. కోడలికి వద్దనడానికి నోరు రాలేదు.

బిల్లు దగ్గర తెలిసింది. ఆ డబ్బా 210 రూపాయలు. వెనకాల జనం వరసలో ఉన్నారు. అందరూ తననే చూస్తున్నట్టు అనిపించింది. డబ్బా పక్కన పెట్టమనడానికి సిగ్గేసింది. కందిపప్పు పొట్లం తీసి పక్కన పెట్టింది.

బస్సులో అత్తగారు ఊరుకోలేదు. "నాలిక మీద చుక్క పడిందో లేదో, నెల పప్పు పోయింది" అంది.

"తాగాక వద్దంటే ఏం బాగుంటుంది అత్తయ్యా?" అంది కోడలు.

కోడలి మాటలో మర్యాద ఉంది. ఒకరి చేతిది తిని ఊరికే పోకూడదని చిన్నప్పటి నుంచి నేర్పారు. అది చుట్టపింట్లో మాట. కొట్లో లెక్క వేరు. ఆ గ్లాసు బాదంపాలు ఎవరూ ప్రేమతో పెట్టింది కాదు. సరుకు అమ్ముడుపోవడానికి కంపెనీ పెట్టుకున్న ఖర్చు అది. గోడ మీద బొమ్మ వేయించడం, టీవీలో ప్రకటన ఇవ్వడం లాంటిదే ఇది కూడా. టీవీలో సబ్బు ప్రకటన చూసినందుకు ఎవరైనా సబ్బు బాకీ పడతారా? రుచి చూసినందుకూ అంతే. ఊరికే అని ఇచ్చిందానికి బాకీ లేదు. బుట్టలో ఎవరో పెట్టిన వస్తువును తీసి పక్కన పెట్టొచ్చు. బిల్లు కట్టే దాకా ఏ వస్తువైనా వద్దనొచ్చు. బిల్లు బల్ల దగ్గర కూడా వద్దనొచ్చు. అక్కడ పనిచేసేవాళ్ళకు అది రోజూ చూసేదే.

అసలు రుచి చూసి కొనడం కొత్తగా వచ్చింది కాదు. అనకాపల్లి బెల్లం ఎంత పేరున్నదైనా, గడ్డ కొసన చిదిపి నోట్లో వేసుకున్నాకే బేరం. ఉప్పదనం తగిలితే ఆ గడ్డ వద్దంటారు. బియ్యం కొనేటప్పుడు నాలుగు గింజలు పంటి కింద వేసి కొరుకుతారు. టక్కుమంటే ఎండిన బియ్యం. మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. చింతపండు, పచ్చళ్ళు, అన్నీ అంతే. గింజ కొరికి వద్దని లేచొచ్చిన ఆడమనిషి సిగ్గుపడిందా? లేదే! "ఈ బియ్యం పనికిరావయ్యా" అని గట్టిగానే చెప్పి వచ్చేది. చల్లటి కొట్టు, ధగధగ దీపాలు, టోపీ పెట్టుకున్న అమ్మాయి. వీటి ముందు నోరు మూతపడుతోంది, అంతే.

కోడలు రెండు మాటలు అంటే సరిపోయేది. "బాగుంది తల్లీ. ఇవాళ వద్దు." కారణం చెప్పక్కర్లేదు. డబ్బు లేదని చెప్పుకోనక్కర్లేదు. నచ్చకపోయినా ముఖం చిట్లించి "ఛీ, ఇదేం రుచి" అనకూడదు. ఆ అమ్మాయి వండింది కాదు కదా అది.

ఇంకో వైపు కూడా చూడాలి. ఊరికే పెట్టేదంటే ఎవరు పెట్టేది? కంపెనీ సంగతి వేరు, ద్రాక్షపండ్ల బండి అతని సంగతి వేరు. అతను తెల్లవారుజామున మార్కెట్టులో అప్పుకు సరుకు తెచ్చుకుంటాడు. వచ్చిన వాళ్ళంతా అడక్కుండా తలా అయిదు పండ్లు తుంపి నోట్లో వేసుకున్నారనుకోండి. సాయంత్రానికి నలభై మంది వస్తే 200 పండ్లు. చిన్న పండ్లయినా అరకిలో దాటుతుంది. ఆ రోజు లాభంలో అదెంత భాగమో అతన్నే అడగాలి. "ఒకటి చూడొచ్చా?" అని అడిగితే అతనే మంచి గుత్తిలోంచి తుంపి ఇస్తాడు. అడగడానికి ఖర్చేమీ లేదు. కొన్న తర్వాత పైన వేసే కొసరు వేరు, కొనకముందు చూసే రుచి వేరు. రెండూ ఒకేసారి లాగాలని చూసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పేర్లు ఇప్పుడు ఎందుకులెండి!

సూపర్ మార్కెట్టులో జీడిపప్పు, ఖర్జూరం, వేరుశెనగ గుళ్ళు పెద్ద పెద్ద డబ్బాల్లో తెరిచి పెడతారు. అవి రుచి చూడడానికి పెట్టినవి కావు, తూకానికి పెట్టినవి. ఎవరూ చూడ్డం లేదని గుప్పెడు నోట్లో వేసుకుంటే అది దొంగతనం కిందికే వస్తుంది. కెమెరా చూస్తూనే ఉంటుంది. పిల్లాడు ఏడుస్తున్నాడని బిస్కెట్ ప్యాకెట్ చింపి ఇస్తే, ఆ ఖాళీ కాగితమైనా సరే బిల్లు దగ్గర చూపించి డబ్బు కట్టాలి.

ఇక బల్ల దగ్గర. ఒకరికి ఒక గ్లాసు. వాళ్ళిచ్చిన చెంచాతోనో పుల్లతోనో తీసుకోవాలి. నోట్లో పెట్టిన చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టకూడదు. ఎంగిలి అని తెలియని ఆడమనిషి లేదు. అయినా హడావుడిలో జరుగుతుంది. పిల్లల్ని మళ్ళీ మళ్ళీ పంపి గ్లాసులు తెప్పించడం బాగుండదు. తాగిన గ్లాసు అరల్లో సబ్బుల మధ్య దాచి పోతారు కొందరు. బల్ల పక్కనే బుట్ట ఉంటుంది. షుగరు ఉన్నవాళ్ళు ముందే అడగాలి. వేరుశెనగ, పాలు పడనివాళ్ళు అందులో ఏం కలిసిందో అడగాలి. గుడ్డు తిననివాళ్ళు ప్యాకెట్ మీద గుర్తు చూసుకోవాలి. ఆకుపచ్చ గడిలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం. ఇవి అడిగితే ఆ అమ్మాయి విసుక్కోకూడదు. చెప్పడం ఆమె పని.

ఆ అమ్మాయి గురించి కొంచెం చెప్పుకోవాలి. చాలా చోట్ల ఆమె ఆ కొట్టు మనిషి కాదు. పొడి డబ్బాల కంపెనీ తరఫున ఏదో ఏజెన్సీ పెట్టిన మనిషి. సాయంత్రానికి ఇన్ని డబ్బాలు పోవాలని లెక్క ఉంటుంది. పోకపోతే మాట పడాలి. అందుకే డబ్బా బుట్టలో పెట్టేస్తుంది. పెట్టడం తప్పే. అయినా ఆ తప్పు వెనక ఆమె కడుపు ఉంది.

పొద్దున వచ్చింది మొదలు నిలబడే ఉంటుంది. మిగతా కొట్లలో ఆడపిల్లలదీ అదే పని. కేరళలోని కోళిక్కోడులో పి. విజి అనే దర్జీపని చేసే ఆమె, కొట్లలో పనిచేసే ఆడవాళ్ళను కూడగట్టింది. పనిలో కూర్చోవడానికి పీట, వెళ్ళడానికి మరుగుదొడ్డి. ఇవే వాళ్ళు అడిగింది. ఏళ్ళ తరబడి అడిగారు. 2018లో కేరళ ప్రభుత్వం చట్టం మార్చింది. పని మధ్య కూర్చునే వీలు కల్పించాలని యజమానులకు చెప్పింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి చట్టమే చేసింది. కూర్చోవడానికి చట్టం కావాల్సి వచ్చింది, చూడండి!

అమ్మేవాళ్ళకూ మర్యాద ఉండాలి. కారులో దిగినామెకు పళ్ళెంలో పెట్టి ఇచ్చి, కూలి పని నుంచి వచ్చినామెకు పైనుంచి చేతిలో పడేసే కొట్లు ఇంకా ఉన్నాయి. చీర చూసి ముఖం తిప్పుకునేవాళ్ళున్నారు. కొట్లలోకి వెళ్ళే విషయంలో కులం, మతం, ఆడా మగా అని తేడా చూపకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది. అంటరానితనం పాటిస్తే 1955 చట్టం కింద శిక్ష ఉంది. ముక్క పెట్టేదైతే అందరికీ ఒకేలా పెట్టాలి. లేదా ఎవరికీ పెట్టకూడదు.

మిఠాయి కొట్టులో ఇంకో తిరకాసు ఉంది. ముక్క చేతిలో పెట్టి నవ్వుతూ మాట్లాడతాడు. ఆ మొహమాటంలో తూకం చూడం. అట్టపెట్టెతో కలిపి కాజాలు తూచేస్తాడు. పెట్టె బరువు కాజాల ధరకు కొన్నట్టే. పెట్టె బరువు తీసేసి తూచాలి. 2009 తూనికలు కొలతల చట్టం ప్రకారం సరుకు బరువే లెక్కకు రావాలి. "ముందు ఖాళీ పెట్టె పెట్టి సున్నా చెయ్యి బాబూ" అనాలి. వినకపోతే 1915 నంబరుకు ఫోను చేయొచ్చు. అది వినియోగదారుల కోసం పెట్టిన నంబరు. ముక్క తిన్నాం కదా అని ఆ మాట మింగక్కర్లేదు.

మరుసటి నెల అత్తా కోడలూ మళ్ళీ వెళ్ళారు. అదే అమ్మాయి, వేరే బల్ల. ఈసారి సేమియా. కోడలు రుచి చూసింది. ప్యాకెట్ చేతిలోకి తీసుకుంది. వెనక్కి తిప్పింది. వేలు పెట్టి మెల్లగా చదివింది. ధర, బరువు, ఏ తేదీ లోపల వాడాలో చదివింది. ఆ అమ్మాయి చూస్తూ నిలబడింది. "బాగుందమ్మా. ఇవాళ వద్దు" అని ప్యాకెట్ తిరిగి ఇచ్చింది.

"సరే అక్కా" అంది అమ్మాయి. ఏమీ కాలేదు.

అత్తగారు మాత్రం వెంటనే కదల్లేదు. "పొద్దుట్నించీ నిలబడే ఉన్నావా? కాసేపు కూచోరాదూ?" అంది. "కూచుంటే ఊరుకోరు పెద్దమ్మా" అని ఆ అమ్మాయి అటూ ఇటూ చూసింది.

ఆ ఏడు వేసవిలో కోడలి పొదుపు సంఘం వాళ్ళు ఆవకాయ పెట్టారు. పట్నంలో మహిళా సంఘాల అమ్మకాలకు ఒక బల్ల దొరికింది. మొదటి రోజు జనం వచ్చి అన్నం మెతుకులతో రుచి చూసి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోతున్నారు. సంఘంలో ఒకామెకు ఒళ్ళు మండింది. "తిని పోతున్నారు చూడు" అంది. కోడలు ఆ మాట అననివ్వలేదు. "నచ్చితే సాయంత్రం రండమ్మా" అని పంపింది. కొందరు వచ్చారు. కొందరు రాలేదు.

రాత్రి లెక్క రాసేటప్పుడు కోడలు పుస్తకంలో ఖర్చుల వైపు ఒక వరస పెంచింది. కారం, ఉప్పు, ఆవపిండి, నూనె, బస్సు. కింద "రుచికి పోయింది: ఒక కిలో" అని రాసింది. మరునాడు ఇంటి నుంచి అత్తగారు రెండు ముక్కాలిపీటలు బస్సెక్కించి పంపింది. ఒకరు అమ్ముతుంటే ఇంకొకరు కూర్చోవాలని చెప్పి పంపింది.