వార్తలోని మనిషినే అడగండి



2007లో హైదరాబాద్ మక్కా మసీదు పేలుడు తరువాత అరెస్టయిన ముస్లిం యువకులు అనేకులు అనంతరం న్యాయస్థానాల్లో నిర్దోషులుగా తేలారు. అరెస్టు నాడు వారిని గురించి అందరూ మాట్లాడారు. వారిని మాట్లాడనిచ్చినవారు అరుదు.

అమెరికాలో 1996లో పసిఫికా రేడియోలో మొదలైన 'డెమోక్రసీ నౌ' వారానికి ఐదు రోజులు వస్తుంది. యుద్ధమైనా, నిర్బంధమైనా, దాని దెబ్బ తగిలినవారినే పిలిచి తీరికగా మాట్లాడిస్తుంది. రేడియోలో గడ్డం, టోపీ, బురఖా కనిపించవు. మాట ఒక్కటే వినిపిస్తుంది. అందుకే ఈ మాధ్యమం మనకు అవసరం.

ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా మన ప్రైవేటు ఎఫ్‌ఎం, కమ్యూనిటీ రేడియోలకు సొంత వార్తలు నిషిద్ధం. ఆకాశవాణి వార్తలను వినిపించడానికి మాత్రమే అనుమతి. జహీరాబాద్ సమీపాన మాచనూరులో దళిత మహిళలు 2008లో ప్రారంభించిన సంఘం రేడియోకూ ఇదే కట్టుబాటు. విత్తనాలను గురించి చెప్పవచ్చు, పాట పాడవచ్చు. ఊరిలో జరిగిన అన్యాయాన్ని వార్తగా చెప్పరాదు.

మేము కోరుతున్నవి రెండు. ఈ నిషేధం తొలగాలి. ఆకాశవాణి ప్రతిదినం పావుగంట సేపు వార్తలోని మనిషినే మాట్లాడించాలి. ఆ మనిషి ఏ మతస్థుడైనా సరే. మన మీద తీర్పు చెప్పదలచినవారు ముందుగా మన మాట వినాలి.