అడవిపందికి లాటిన్ పేరెందుకు?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంటర్మీడియట్‌ పిల్లలకు జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. శాస్త్రీయ నామం కింద గీత గీయకపోతే మార్కు కోసేవాణ్ణి. ఒకసారి ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన విద్యార్థి లేచి, "సార్, సస్ స్క్రోఫా అంటే అర్థమేమిటి?" అని అడిగాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ అయి, "అర్థంతో నీకేం పని? బట్టీ పట్టు" అని కసిరాను. అడుగుజాడ చూసి జంతువును చెప్పగల ఆ పిల్లవాడు ఆ ఏడాదంతా మళ్ళీ నోరు విప్పలేదు.

విరమణ తరువాత తీరిక దొరికి లాటిన్ నిఘంటువు తిరగేశాను. 'సస్' అంటే పంది, 'స్క్రోఫా' అంటే ఆడపంది. అంతే! కృష్ణజింక 'ఆంటిలోప్ సెర్వికాప్రా'. సెర్వస్ అంటే దుప్పి జాతి మృగం, కాప్రా అంటే మేక. మన చుక్కల దుప్పి 'ఆక్సిస్ ఆక్సిస్'. భారతదేశపు మచ్చల జంతువొకదానికి రోమన్ రచయిత ప్లినీ వాడిన మాట అది. లిన్నేయస్ 1758లో జంతువులన్నిటికీ రెండు మాటల పేర్లు స్థిరపరచినప్పుడు ఐరోపా పండితులందరికీ తెలిసిన భాష లాటిన్. మనం 'జింక' అంటే ఒక్కో ఊళ్ళో ఒక్కో జంతువు. లాటిన్ పేరుకు ఆ చిక్కు లేదు.

అయితే ఊరి పేరును చిన్నచూపు చూడరాదు. కడప జిల్లా కలివికోడికి మెడ కింద రెండు పట్టెలుంటాయి. దాని లాటిన్ పేరులోని 'బైటార్క్వేటస్' అన్న మాటకు రెండు కంటెలు కలదని అర్థం. 1900 తరువాత అది కనబడక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మళ్ళీ దొరికింది. పట్టిచ్చినది పక్షులు పట్టే ఒక స్థానికుడే. పుస్తకం పోగొట్టుకున్నదాన్ని ఊరు దాచి ఉంచింది.

మొన్న హంటర్ రోడ్డు జంతు ప్రదర్శనశాలలో మా మనవరాలు అదే ప్రశ్న అడిగింది, "తాతా, ఈ పేరుకు అర్థమేంటి?" అని. ఈసారి చెప్పగలిగాను. చెబుతున్నంతసేపూ ఆ కుర్రవాడే కళ్ళముందు మెదిలాడు. అతడు ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. క్షమాపణ చెప్పే అవకాశం లేదు కనుక ఈ సభాముఖంగా చెప్పుకుంటున్నాను.

మనవలు అడిగినదానికి జవాబు తెలియకపోతే "తెలియదు, కలిసి వెతుకుదాం" అనండి. ఇదే నా మనవి. సెలవు.