స్పానిషులో చెవికి మాట యేది?



స్పానిషు 20 దేశములలో అధికార భాష. ఆ దేశములలోని మన రాయబార కార్యాలయములకు బదిలీయైన ఉద్యోగికిని, అతని గృహిణికిని వ్యాకరణముకంటె ముందుగా కావలసినవి శరీరావయవముల పేర్లు. బిడ్డకు జబ్బు చేసిననాడు వైద్యునితో చెప్పవలసినవి అవియే గదా!

చెవినే తీసికొందము. నిఘంటువులో దానికి "ఒరేహ", "ఓయీదో" అని రెండు మాటలు కనబడును. పోగులు పెట్టుకొనునది, పంతులుగారు మెలిపెట్టునది ఒరేహ. అనగా చెవి డొప్ప. వినుటకు సాధనమైన లోపలి చెవి ఓయీదో. రాత్రియంతయు పోటుతో ఏడ్చిన బిడ్డకు నొప్పి సాధారణముగా ఓయీదోలోనిది. తల్లి ఒరేహ యన్నచో వైద్యుని చూపు ముందుగా డొప్పమీదికి పోవచ్చును.

తెలుగువానికి భుజము మొదలు వ్రేళ్ల కొనల వఱకు అంతయు చేయియే. స్పానిషువాడు మణికట్టునకు పైభాగమును "బ్రాసో" యనియు, క్రిందిభాగమును "మానో" యనియు అనును. కాలు "పియెర్న", పాదము "పియే". పశువు కాలును, బల్ల కోడును "పాత" యగును. మనుష్యుని కాలిని పాత యనుట మోటు, లేదా పరిహాసము.

మనవారు తెలుగును ఇంగ్లీషులోనికి, ఇంగ్లీషును స్పానిషులోనికి మార్చుచుందురు. అది చుట్టుదారి. ఇంగ్లీషులో చేతి వ్రేలికొక మాట, కాలి వ్రేలికొక మాట. స్పానిషులో రెండును "దేదో", తెలుగులో రెండును వ్రేలే. "నాకు తల నొప్పి పెట్టుచున్నది" అనునట్లే స్పానిషువాడును "నాకు" అనియే ఆరంభించును. "నా తల" యనడు.

ఈ చుట్టుదారి ఒక్కొక్కప్పుడు ప్రాణముమీదికి తెచ్చును. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో 18 ఏండ్ల యువకుని స్పృహలేని స్థితిలో ఆసుపత్రికి చేర్చిరి. ఇంటివారు "ఇంతోక్సికాదో" యనిరి. తిన్నదేదో వికటించినదని వారి భావము. ఇంగ్లీషులోని పోలిక మాటనుబట్టి వైద్యులు మత్తుమందు మితిమీరినదనుకొనిరి. నిజమునకది మెదడులో రక్తస్రావము. అది సకాలమున గుర్తింపబడనందున అతని కాలుసేతులు శాశ్వతముగా పడిపోయినవి.

కావున అవయవము పేరు నేర్చుకొనువారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: లోపలిదా, బయటిదా? పై భాగమా, క్రింది భాగమా? మనుష్యునిదా, పశువుదా? మాటను ఒంటిగా గాక నిండు వాక్యముతో వ్రాసికొనవలెను. అప్పటికిని తోచనిచో నొప్పియున్న చోటును వ్రేలితో చూపుటలో చిన్నతనము లేదు.