పంచాంగం కూడా లెక్కలో భాగమే

గణాంకశాస్త్రాన్ని తెలుగులో చర్చించుకునే ఈ సదస్సుకు నన్ను అధ్యక్షుణ్ణి చేసిన నిర్వాహకులకు కృతజ్ఞతలు.

ఈనాటి నా ప్రసంగాంశం విమాన ప్రయాణికుల నెలవారీ లెక్క. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రతి నెలా దేశీయ ప్రయాణికుల సంఖ్య ప్రకటిస్తుంది. పత్రికలు దాన్ని అచ్చువేస్తాయి. పెరిగితే అభివృద్ధి అంటాం, తగ్గితే మాంద్యం అంటాం. ఈ తొందర పోవాలని నా కోరిక.

మన శాస్త్రానికి ఈ లెక్కతో పాత చుట్టరికం ఉంది. జార్జ్ బాక్స్, గ్విలిమ్ జెంకిన్స్ 1970లో వెలువరించిన కాలశ్రేణుల గ్రంథంలో 1949 నుంచి 1960 వరకు 144 నెలల అంతర్జాతీయ విమాన ప్రయాణికుల సంఖ్యలున్నాయి. 1949లో బాగా రద్దీ ఉన్న నెలకు 1,48,000 మంది, బాగా పలచబడిన నెలకు 1,04,000 మంది. 1960 నాటికి అవి 6,22,000, 3,90,000 అయ్యాయి. మొత్తం పెరిగేకొద్దీ రుతువుల హెచ్చుతగ్గులూ పెరిగాయి. అందుకే వారు లాగరిథమ్ తీసుకుని, ప్రతి నెలనూ దాని ముందు నెలతోనూ, నిరుటి అదే నెలతోనూ ముడిపెట్టి లెక్క కట్టారు. ఆ నమూనాకు ‘ఎయిర్‌లైన్ మోడల్’ అన్న పేరు నిలిచిపోయింది.

ఇక మన దేశం సంగతి. 2024 మేలో దేశీయ ప్రయాణికులు సుమారు 1.38 కోట్లు, జూలైలో సుమారు 1.30 కోట్లు. రెండు నెలల్లో ఎనిమిది లక్షలు తగ్గారంటే కంగారు పుడుతుంది. కానీ బడి సెలవులు అయిపోయి వానలు పడ్డాక ప్రయాణాలు తగ్గడం ఏటా ఉన్నదే. 2023 జూలైలో ఉన్నది 1.21 కోట్లే కనుక జరిగింది ఏడు శాతం ఎదుగుదల.

నిరుటితో పోల్చడమూ అన్నివేళలా చెల్లదు. కోవిడ్ కారణంగా 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశీయ విమానాలు ఆగిపోయాయి. ఆ ఏప్రిల్ లెక్క సున్నా. మరుసటి ఏప్రిల్ వృద్ధి శాతానికి అర్థమే లేదు. 2019లో 14.4 కోట్లున్న ప్రయాణికులు 2020లో 6.3 కోట్లకు పడిపోయి, 2023లో 15.2 కోట్లకు చేరారు. కోలుకున్నామో లేదో చెప్పడానికి 2019తోనే పోల్చవలసి వచ్చింది.

నేను ముఖ్యంగా చెప్పదలచినది పండుగల గురించి. సంక్రాంతి సౌరమానాన్ని అనుసరిస్తుంది కనుక జనవరిని వదలదు. ఆ రద్దీని ఏ సూత్రమైనా జనవరి స్వభావంగా పట్టుకుంటుంది. ఉగాది, దసరా, దీపావళి అలా కావు. దీపావళి 2022లో అక్టోబరు 24న, 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న వచ్చింది. నెల చివర పండుగైతే ఊరికి వెళ్లే రద్దీ ఒక నెలలో, తిరుగు ప్రయాణం మరో నెలలో పడతాయి. అధికమాసం వచ్చిన ఏడాది పండుగల తేదీలతో పాటు పెళ్లి ముహూర్తాలూ పక్కకు జరుగుతాయి. రంజాన్, బక్రీద్, హైదరాబాద్ నుంచి బయలుదేరే హజ్ విమానాలు ఏటా పది పదకొండు రోజులు ముందుకు వస్తూ సుమారు 33 ఏళ్లలో అన్ని నెలలనూ చుట్టివస్తాయి.

రుతుప్రభావాన్ని తీసివేసి చూపడానికి అమెరికా సెన్సస్ బ్యూరో తయారుచేసిన ఎక్స్-13 అరిమా-సీట్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను చాలా దేశాల్లో వాడుతున్నారు. అందులో ఈస్టర్‌కు, థ్యాంక్స్‌గివింగ్‌కు ముందే చోటు కల్పించారు. దీపావళి తేదీలు మాత్రం మనమే అందించాలి. ఆ పని చేయకుండా వాడితే పండుగ రద్దీని ఎదుగుదలగానూ, పండుగ వేరే నెలకు జరిగిపోతే పాత నెలను పతనంగానూ చదువుతాం. ఆ చదువు మీదే విమానాలు వేస్తే ఒక నెల సీట్లు ఖాళీగా పోతాయి, మరో నెల ఇంటికి చేరాలనుకున్న కుటుంబం టికెట్ ధర చూసి ఆగిపోతుంది.

అందుకే మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను. విలేకరులు నెల మొత్తాన్ని రోజుల సంఖ్యతో భాగించి రోజు సగటు ఇవ్వాలి. ఫిబ్రవరికీ మార్చికీ రెండు మూడు రోజుల తేడా ఉందని మరవకూడదు. పండుగ ఏ నెలలో పడిందో వార్తలోనే చెప్పాలి. మన విశ్వవిద్యాలయాల గణాంక శాఖలు పంచాంగ కర్తలతో కూర్చుని పండుగలు, ముహూర్తాలు, హిజ్రీ తేదీలతో రాబోయే ఇరవై ఏళ్లకు పట్టిక తయారుచేయాలి. విద్యార్థులు ఆ పట్టికతో శంషాబాద్, గన్నవరం, విశాఖ లెక్కలను విడివిడిగా పరిశీలించాలి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాల వారీగా నెలనెలా వివరాలిస్తూనే ఉంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు గణాంకశాస్త్రంలో ప్రపంచానికే గురుస్థానం పొందారు. ఆయన తర్వాతి తరాలకు ఈ పట్టిక మోయలేని బరువు కాదు. వచ్చే సదస్సు నాటికి దాని తొలి ప్రతిని ఈ వేదిక మీద పెట్టమని యువ పరిశోధకులను కోరుతున్నాను.