మన అనంతపురం జిల్లా: నేల, నీరు, జనం, పంచాయతీ

రైతు సోదరులారా, సోదరీమణులారా! పల్లెలలో వ్యవసాయ శాఖ తరఫున, పంచాయతీల తరఫున పనిచేస్తున్న మిత్రులారా!

ఈ పూట మన అనంతపురం జిల్లాను గురించి నాలుగు మాటలు చెప్పుకొందాము. ‘‘జిల్లా సంగతి మాకెందుకండీ? అది బళ్ళో పిల్లలు చదివే పాఠం గదా! ఎరువు సంగతి చెప్పండి, విత్తనం సంగతి చెప్పండి’’ అని మీలో కొందరికి అనిపించవచ్చు. న్యాయమే. అయితే ఒక్క మాట. మీ చేను ఏ వైపు వాలి ఉన్నదో, ఏ మూల చౌడు ఉన్నదో, వాన గట్టిగా కురిస్తే ఏ గట్టు తెగుతుందో మీకు బాగా తెలుసు. అది తెలియనివాడు సేద్యం చేయలేడు. జిల్లా కూడా ఒక పెద్ద చేనే. దాని నేల ఎటువంటిది, దానికి నీరు ఎక్కడినుంచి వస్తుంది, దాని మీద ఎందరు బ్రతుకుతున్నారు, దాని పెత్తనం ఎవరి చేతిలో ఉన్నది - ఈ నాలుగూ తెలియకపోతే మన ఊరికి రావలసినదానిని ఎక్కడ అడగాలో, ఎట్లా అడగాలో కూడా మనకు తెలియదు.

ముందు నేల సంగతి చూద్దాము. అనంతపురం 1882లో బళ్ళారి జిల్లానుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. 2022 వరకు దీని విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో అంతకంటె పెద్ద జిల్లా అప్పుడు మరొకటి లేదు. నేలలో సుమారు ముప్పాతిక వంతు ఎర్రనేలలు. ఉత్తరాన గుత్తి, తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడి కనిపిస్తుంది. ఎర్రనేల చాలా చోట్ల లోతు తక్కువ. వాన పడితే తొందరగా పదునవుతుంది, పది రోజులు ఎండ కాస్తే అంత తొందరగానూ ఆరిపోతుంది. చెనక్కాయ పైరు ఊడలు దిగే వేళకు బెట్ట వస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక వాన. ‘‘వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదు’’ అని పెద్దలు ఊరికే అనలేదు. అయినా మన జిల్లాకు వాన ఎందుకు తక్కువో మాత్రం తెలుసుకోవచ్చు. నైరుతి మేఘాలు అరేబియా సముద్రం మీదనుంచి వచ్చి ముందుగా పడమటి కనుమలకు తగులుతాయి. అక్కడ కొండల మీద బరువు దించుకొని, తేలికపడి మనవైపు వస్తాయి. మనది ఆ కొండల చాటు నేల. పోనీ, తూర్పునుంచి ఈశాన్య రుతుపవనం వస్తుంది గదా అంటే, మనం సముద్రానికి దూరం. తుపానులు కోస్తాలోనే చాలావరకు కురిసి, మన దగ్గరకు వచ్చేసరికి అలసిపోతాయి. రెండు చుట్టాల ఇళ్ళకూ నడుమ ఉన్నవాడికి రెండు చోట్లా భోజనం తప్పిపోయినట్లు మన పని అయింది. ఏడాది మొత్తానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది. అందులో నూటికి 60 వంతులు జూన్ మొదలు సెప్టెంబరు లోపలే.

550 మిల్లీమీటర్లంటే ఎంత? మన భాషలో లెక్క కడదాము. ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే అది సుమారు 40 వేల లీటర్ల నీరు. 55 సెంటీమీటర్లు పడితే 22 లక్షల లీటర్లు. రెండు వేల ఎకరాల పొలం ఉన్న ఊరి మీద ఏటా 440 కోట్ల లీటర్ల నీరు పడుతున్నదన్నమాట! అంత నీరు పడుతూ కూడా వేసవి వచ్చేసరికి బిందెడు నీళ్ళకు వెతుక్కుంటున్నామంటే, కొరత వానలో ఉన్నంత మాత్రమే కాదు, పడిన వానను నిలుపుకోవడంలోనూ ఉన్నది. ఈ సంగతి మీరు మనసులో పెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

మన ఏళ్ళు కూడా వాననే నమ్ముకొన్నవి. పెన్నా, చిత్రావతి రెండూ కర్ణాటకలో నంది కొండల వైపునుంచి వస్తాయి. పడమటి దిక్కున వేదవతి, మనవాళ్ళు హగరి అంటారు, తుంగభద్ర వైపు పోతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు వీటిలో ఇసుకే పారుతుంది. అందుకే బయటి నీటిని తెచ్చుకొన్నాము. తుంగభద్ర ఎగువ కాలువ ఒకటి, శ్రీశైలం జలాశయంనుంచి మల్యాల వద్ద కృష్ణనీటిని ఎత్తిపోసి జీడిపల్లి జలాశయానికి తెచ్చే హంద్రీ-నీవా మరొకటి. ఇవి వచ్చిన చోట్ల మేలు జరిగింది. కాని జిల్లా పొలమంతటికీ కాలువనీరు చాలదు. ఎక్కువ పల్లెలకు మిగిలినవి వాన, చెరువు, బోరు - ఈ మూడే.

చెరువు మనకు కొత్త కాదు. అనంతపురం పట్టణమే చెరువు పక్కన పుట్టింది. 14వ శతాబ్దంలో విజయనగరపు మొదటి బుక్కరాయల కాలంలో అక్కడ పెద్ద చెరువు కట్టారు. దానిని ఆనుకొని ఒకవైపు బుక్కరాయసముద్రం, రెండోవైపు అనంతసాగరం ఊళ్ళు వెలిశాయి. అప్పట్లో వానలు ఇంతకంటె దండిగా పడేవని ఎవరూ అనుకోవద్దు. కొండల చాటు అప్పుడూ ఉన్నది. పడిన నీటిని నిలిపే ఉపాయం కనిపెట్టి, దానిని కాపాడుకొనే కట్టుబాటు పెట్టుకొన్నారు. అంతే తేడా.

ఇప్పుడు జనం సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఉన్నవారు 40,81,148 మంది. చదరపు కిలోమీటరుకు 213 మంది. అదే లెక్కలో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాను చూడండి. అక్కడి జనం 39,36,966. ఇంచుమించు మనంత మందే. కాని వారి విస్తీర్ణం 7,742 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మన నేలలో సగం కూడా లేదు. అయినా అక్కడ అంతమంది ఒకచోట బ్రతకగలిగారు. కారణం గోదావరి నీరు. మనకు నేల ఉన్నది, నీరు లేదు. నీరు ఎంతో జనం అంత, జనానికి పని అంత. మన పల్లెలనుంచి వేసవిలో బెంగళూరుకు కూలికి పోయేవారిని తలచుకొంటే ఈ లెక్క ఇంకా బాగా తెలుస్తుంది. ఇంకొక్క సంగతి. ఆ లెక్కల నాటికి మన జనంలో నూటికి 72 మంది పల్లెలలోనే ఉన్నారు. కాబట్టి జిల్లా బాగు అంటే చాలావరకు పల్లె బాగే.

2022 ఏప్రిల్ 4న జిల్లా రెండైంది. హిందూపురం, కదిరి, ధర్మవరం, పెనుకొండ వైపున్న 32 మండలాలు పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా అయినాయి. మిగిలిన 31 మండలాలు, 10,205 చదరపు కిలోమీటర్లు అనంతపురం జిల్లాగా నిలిచాయి. 2011 లెక్కల ప్రకారం ఈ భాగంలో ఉన్నవారు 22,41,105 మంది. అయితే జిల్లా కచేరి రెండైనంత మాత్రాన పెన్నా రెండు కాలేదు, చిత్రావతి రెండు కాలేదు. ఎగువన నిలిపిన నీరు దిగువకు, ఎగువన పాడుచేసిన వాగు దిగువకు చేటు. ఆ బంధుత్వం ఉత్తర్వులతో తెగేది కాదు. ఆ విభజనలో విడిపోయినది రెవెన్యూ జిల్లా. జిల్లా పరిషత్తు మాత్రం అప్పుడు పాత ఉమ్మడి జిల్లా మొత్తానికి ఒకటిగానే కొనసాగింది.

ఇంతకూ ఈ పరిషత్తు, పంచాయతీ ఎక్కడినుంచి వచ్చాయి? 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం, పల్లెల అభివృద్ధి పల్లె ప్రజలు ఎన్నుకొన్నవారి చేతిలోనే ఉండాలని సలహా చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 1959 నవంబరు 1న పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు అమలులోకి వచ్చాయి. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు. ఆయన మన జిల్లాలోని ఇల్లూరు గ్రామంలో పుట్టినవారే. తరువాత 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 1986 చట్టంతో సమితుల స్థానంలో మండల ప్రజాపరిషత్తులు వచ్చాయి. రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. దానిని అనుసరించి 1994లో మన పంచాయతీరాజ్ చట్టం చేశారు. ఆ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాలను ఒక పట్టికలో చెప్పింది. అందులో మొట్టమొదటిది వ్యవసాయం. రెండవదానిలో భూసార పరిరక్షణ ఉన్నది. మూడవది చిన్ననీటి పారుదల, నీటి యాజమాన్యం, వాటర్‌షెడ్ అభివృద్ధి. అంటే మీ చేను, మీ మట్టి, మీ చెరువు - ఈ మూడూ ఆ పట్టికకు తలలో ఉన్నాయి.

ఎవరి పని ఏమిటో కూడా చెప్పుకొందాము. చాలామంది రైతులు ఒక పనికి పది గడపలు ఎక్కి, అసలు గడప తప్ప అన్నీ చూసి వస్తారు. భూమి దస్త్రాలు, కొలతలు, పోరంబోకు ఆక్రమణలు తహశీల్దారుగారి కచేరి పని. పంచాయతీల పనులు, మండలంలో అభివృద్ధి పనులు చూసేది మండల పరిషత్తు అభివృద్ధి అధికారి. పైరు, విత్తనం, తెగులు సంగతులకు మండల వ్యవసాయ అధికారి, ఊళ్ళో రైతు సేవా కేంద్రం. 2020లో రైతు భరోసా కేంద్రం అన్న పేరుతో మొదలైనది అదే. సర్పంచిని మీరే నేరుగా ఎన్నుకొంటారు. మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు సభ్యులనూ మీరే ఎన్నుకొంటారు. ఆ సభ్యులు తమలోనుంచి అధ్యక్షులను ఎన్నుకొంటారు. వీరందరికీ పునాది గ్రామసభ. ఊరి ఓటర్ల పట్టికలో పేరున్న ప్రతివారూ, ఆడవారైనా మగవారైనా, గ్రామసభలో సభ్యులే. దానికి వేరే ఎన్నిక లేదు, చందా లేదు.

మరి మనం ఆ సభకు వెళ్తున్నామా? దండోరా వేస్తారు. ‘‘ఆ, ఏముందిలే, సంతకాలకు పిలుస్తారు’’ అని చేనుకు పోతాము. పదిమంది కూర్చొంటారు, తీర్మానం రాస్తారు, సభ అయిపోతుంది. ఇక ఆరు నెలల తరువాత రచ్చకట్ట మీద కూర్చొని, ‘‘మన చెరువుకు పైసా రాలేదు, పక్క ఊరికి వచ్చింది’’ అంటాము. అడిగినవాడికి వచ్చింది, అడగనివాడికి రాలేదు.

ఒక ఉదాహరణ చూడండి. ఒక ఊళ్ళో చెరువు ఉన్నది. కట్ట బాగానే ఉన్నది. తూము బాగానే ఉన్నది. అయినా చెరువు నిండదు. కారణం ఊరందరికీ తెలుసు. చెరువులోకి నీరు తెచ్చే వంక కాలువ నడుమ పూడిపోయింది, ఒకచోట ఎవరో చేను కలుపుకొన్నారు. కలుపుకొన్నది ఒకరికి బావమరిది, మరొకరికి వియ్యంకుడు. ఎవరు నోరు విప్పుతారు? ఎవరూ విప్పరు. నోరు విప్పకుండా ఏం చేస్తారు? ఎవరికి వారు బోరు వేస్తారు. మొదటివాడు రెండు వందల అడుగులకు వేస్తాడు. రెండోవాడు నాలుగు వందలకు. మూడోవాడు ఇంకా లోతుకు. అప్పటికి మొదటివాని బోరు ఒట్టిపోతుంది. అప్పు మాత్రం ఒట్టిపోదు. పదేళ్ళు బిడ్డలా పెంచిన చీనీ తోట ఒక్క వేసవిలో నిలువునా ఎండిపోతే, ఆ ఇంటి యజమాని ముఖం చూడలేము. ఒక్క కాలువ గురించి పదిమంది మాట్లాడలేకపోయినందుకు పది ఇళ్ళు చెల్లించిన వెల అది.

ఈ సంగతికి చట్టాలు లేకపోలేదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, మనం వాల్టా అంటాము, కొత్త బోరుకు ముందుగా అనుమతి పొందాలని చెప్పింది. 1997 చట్టం చెరువు ఆయకట్టు రైతులకు నీటి వినియోగదారుల సంఘం ఇచ్చింది. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం దేశానికంతటికీ మొట్టమొదట ప్రారంభమైనది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకం కింద కుంటలు తవ్వారు, కట్టలు వేశారు. అయితే ఏ చట్టమైనా, ఏ పథకమైనా ఎడ్లబండి వంటిది. ఎడ్లను కట్టి తోలవలసినది ఊరే.

కాబట్టి మీరు మూడు పనులు చేయండి. మొదటిది: వచ్చే గ్రామసభకు ముందే పదిమంది రైతులు కలిసి, పిల్లవాడినొకణ్ణి కాగితం, కలం పట్టించి వెంటబెట్టుకొని, వంక మొదలునుంచి చెరువు మరవ దాకా నడవండి. ఎక్కడ పూడింది, ఎక్కడ తెగింది, ఎక్కడ ఆక్రమణ అయింది రాసుకోండి. రెండవది: ఆ కాగితాన్ని గ్రామసభలో చదివించి తీర్మానంలోకి ఎక్కించండి. తీర్మానం నకలు అడిగి తీసుకోండి. పూడిక అయితే మండల పరిషత్తుకు, ఆక్రమణ అయితే తహశీల్దారుకు ఆ నకలుతో అర్జీ పెట్టండి. మూడవది: విత్తే ముందు ఊరంతా కూర్చొని నీటి లెక్క వేయండి. చెరువులో ఇంత, బోర్లలో ఇంత, దీనికి ఎన్ని ఎకరాలు తడుస్తాయి అని. చెనక్కాయ ఒక్కదానినే నమ్ముకోక నడుమ కంది సాళ్ళు వేసుకోండి. ఒకటి పోయినా ఒకటి నిలుస్తుంది. ఆడవారిని ఈ మూడు పనులకూ తప్పక పిలవండి. నీళ్ళు మోసేవారికే నీటి లెక్క బాగా తెలుసు.

పల్లెలలో పనిచేసే మిత్రులకు ఒక మనవి. రైతుకు పథకం పేరు చెప్పి ఊరుకోవద్దు. ఏ కచేరికి, ఏ కాగితంతో, ఎవరి దగ్గరకు వెళ్ళాలో చెప్పండి. వీలైతే మొదటిసారి మీరే వెంట వెళ్ళండి. రెండోసారి అతడే మరొకరిని వెంటబెట్టుకొని వెళ్తాడు.

‘కరువు జిల్లా’ అన్న మాట విని విని మన చెవులు దిమ్మెక్కాయి. కొండల చాటును మనం తొలగించలేము. మేఘాన్ని ఆజ్ఞాపించలేము. కాని ఊరి మీద పడిన నీటిలో ఎంత నిలుపుకోవాలి అన్నది మన ఊరి సభలో తేలవలసిన సంగతి. దానికి మేఘాన్ని అడగనక్కరలేదు. ఈసారి దండోరా వినపడినప్పుడు చేనిపని ఒక్క పూట ఆపి, తలగుడ్డ సర్దుకొని సభకు బయలుదేరండి. పోతూ పోతూ పక్కింటివారిని కూడా పిలవండి.