వ్యాసమందు ప్రమాణము, యుక్తి



గ్రామములందు పెద్దలైన మీకు వ్యాసరచనతో పనియేమి అని కొందరు తలపవచ్చును. రచ్చబండపై మీరు చెప్పు తీర్పును, అధికారులకు వ్రాయు అర్జీయు, దూరమున నున్న కుమారునకు హితము చెప్పుచు వ్రాయు ఉత్తరమును వాదవ్యాసములే. ఒక మాట నిజమని ఇతరులచేత ఒప్పించుటయే వాని ప్రయోజనము. ఒప్పించుటకు గొంతు పెంచుట యొక త్రోవ; ప్రమాణము చూపుట రెండవ త్రోవ. మొదటిది సులభము, రెండవది శాశ్వతము.

మన పూర్వులు ఈ రెండవ త్రోవను శాస్త్రముగా దిద్దిరి. గౌతముని న్యాయదర్శనము ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను అంగీకరించినది. వాదమునకు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అని అయిదు అవయవములను చెప్పినది. కొండమీద నిప్పున్నది, ఏలయన పొగ యున్నది, పొగ యున్నచోట నెల్ల నిప్పుండును, వంటయింట వలె, ఈ కొండయు అట్టిదే, కావున నిప్పున్నది. ఆంధ్రుడని ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమున బాలురు నేర్చు పాఠ మిదియే. దీనిని తలక్రిందు చేసి, నిప్పున్నచోట నెల్ల పొగ యుండునన్నచో తప్పు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు కలదు, పొగ లేదు.

ఈ పాఠమును నేను కంఠస్థము చేసితిని, పిల్లలకు బోధించితిని. అయినను దానిని మరచి నేను చేసిన యొక తప్పును మీకు చెప్పుట నా విధి.

నేను ఉద్యోగమున చేరిన తొలి సంవత్సరములలో ఒక గ్రామమున నుంటిని. ఒక వేసవిలో అచ్చట వాంతులు, విరేచనములు ప్రబలెను. అంతకు కొలది దినముల ముందే ఊరి చివరి పేటవారు ఊరి నడుమనున్న బావిలో నీరు తోడుకొన మొదలిడిరి. పెద్దలు నన్ను ఒక వ్యాసము వ్రాసి సభలో చదువుమనిరి. ఆ పేటవారి కుండలవలన బావి చెడెననియు, అందువలననే వ్యాధి వచ్చెననియు వ్రాసితిని. వారు వచ్చిన పిమ్మట వ్యాధి వచ్చినది. నా హేతువంతయు అంతే. భాష బాగున్నదని అందరును మెచ్చిరి. మరునాటినుండి ఆ పేటవారిని బావికి రానీయలేదు. వారు వాగునీరు త్రాగిరి. పది దినములలో ఆ పేటలోను వ్యాధి పుట్టి, ఒక పసిబిడ్డ మరణించెను.

ఆ బిడ్డ నాయనమ్మ బడి వాకిటికి వచ్చి నిలిచి, “పంతులుగారూ, తమరు చదువుకొన్నవారు. మా పేటలో అంతకుముందు ఎవరికైనా జబ్బు చేసిందా అని ఒక్కసారి వచ్చి అడిగారా అండీ?” అనెను.

నేను అడుగలేదు. ఆ సాయంకాలమే పుస్తకము చేతబట్టి ఇంటింటికి పోయితిని. బావినీరు త్రాగినంతకాలము ఆ పేటలో ఒక్కరికిని వ్యాధి లేదు. ఊరిలో వ్యాధి సోకిన ఇండ్లు 14. వానిలో 12 ఇండ్లవారు పప్పు బాగుగా ఉడుకునని, రుచిగా నుండునని కోనేటి నీరు వాడుచుండిరి. తక్కిన రెండిండ్ల పిల్లలు కోనేట ఈదులాడి ఆ నీరే త్రాగుచుండిరి. ఆ వీథులలోనే బావినీరు మాత్రమే వాడినవారు సుఖముగా నుండిరి. కాకి వాలగా తాటిపండు పడినచో కాకియే పడవేసెననుట వంటిది నా వాదము. కాకతాళీయమని పిల్లలకు అర్థము చెప్పిన నోటితోనే నేను దానిని హేతువుగా చదివితిని.

అదే సభలో నా మొదటి వ్యాసము తప్పని రెండవ వ్యాసము చదివితిని. పేటవారు మరల బావికి వచ్చిరి. కోనేటినీరు త్రాగుట మానిరి. ఆ బిడ్డ మాత్రము రాలేదు.

తరువాత చాలకాలమునకు జాన్ స్నో అను వైద్యుని కథ చదివి, ఆ ముదుసలి ప్రశ్నయే అందు వింటిని. 1854వ సంవత్సరము ఆగస్టు నెలాఖరున లండను నగరములోని సోహో ప్రాంతమున కలరా చెలరేగి, 600 మందికి పైగా మరణించిరి. చెడుగాలియే కారణమని నాటి వైద్యులలో పెక్కురు నమ్మిరి. స్నో మృతుల ఇండ్లను విచారింపగా, వారిలో అధికులు బ్రాడ్ వీథిలోని చేతిపంపు నీరు త్రాగినవారని తేలెను. ఇది అన్వయము. ఆయన అంతటితో ఆగలేదు. ఆ వీథిలోనే బీరు కాచు కర్మాగారమున 70 మందికి పైగా పనివారుండిరి. వారిలో ఒక్కరును కలరాతో చావలేదు. వారు బీరు త్రాగుచుండిరి. కర్మాగారమునకు వేరు బావి యుండెను. ఇది వ్యతిరేకము. మరి దూరముననున్న హాంప్‌స్టెడ్‌లో ఒక వృద్ధురాలు కలరాతో మరణించెను. ఆ పంపునీటి రుచి మరిగి ఆమె దానిని బండిమీద తెప్పించుకొనుచుండెను! చెడుగాలి ఆ దూరము పోయి ఆ యొక్క యింటనే దూరునా? సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడిని ఊడదీసిరి. అయినను, జనులు పారిపోవుటచే వ్యాధి అప్పటికే తగ్గుచుండెనని స్నోయే వ్రాసెను. తన పక్షమునకు కొంత లోటైనను దాచలేదు. సత్యవాది లక్షణ మిది.

కావున ఏదైన వ్రాయబూనినప్పుడు, మొదట మీ ప్రతిజ్ఞను ఒక్క వాక్యమున వ్రాయుడు. ఒక్క వాక్యమున ఇమడనిది మీకే తెలియలేదన్నమాట. పిదప హేతువు చెప్పుడు. హేతువున్నచోట ఫలమున్నదని చూపినంత చాలదు. హేతువు లేనిచోట ఫలము లేదనియు చూపవలయును. పెద్దలమాట ప్రమాణమే; కాని ఆప్తుడనగా ఉన్నది ఉన్నట్లెరిగి, ఎరిగినట్లు చెప్పువాడు. వయస్సుచేత, అధికారముచేత ఎవడును ఆప్తుడు కాడు. నాకు ఆనాడు ఆప్తురాలైనది అక్షరము రాని ముదుసలి.

ఎదిరిపక్షమును బలహీనపరచి చెప్పకుడు. ఎదుటివాడు విని ‘నా మాట నాకన్న బాగుగా చెప్పితివి’ అనునట్లు పూర్వపక్షము వ్రాసి, అటుపిమ్మట సమాధానము చెప్పుడు. సత్యమునకై చేయునది వాదము. గెలుపునకై చేయునది జల్పము. తనకొక పక్షము లేక ఎదుటివానిని ఖండించుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. మన రచ్చబండలమీద ఈ మూడింటిలో ఏది యెక్కువయో మీకే తెలియును. చివరకు, నిగమనమును హేతువునకు మించి పెంచకుడు. పది యిండ్లు చూచి ఊరంతయు అనరాదు.

అర్జీపై వ్రేలిముద్ర వేయుటకు ముందు, తీర్పు చెప్పుటకు ముందు, ఎవరిమీద నింద మోపుచున్నారో వారి వాకిటికి ఒక్కసారి పోయి అడుగుడు. నేను పోయినది పది దినములు ఆలస్యముగా.